తోలుపొట్టు మొక్కలకు మంచిదేనా?

ఈ వారం కుండీలో కరివేపాకు పెంచడం గురించి రాస్తానని మాట యిచ్చాను. దాన్ని వచ్చే వారానికి వాయిదా వేసుకుంటున్నాను. కరివేపాకు ఏమీ అనుకోదు; కూరలో తీసి పక్కన పెట్టేస్తేనే ఏమీ అనుకోనిది, వారం రోజులు ఆగలేదా? అంతకన్న ముందు తీర్చుకోవలసిన బాకీ వొకటి నా నెత్తిన పడింది. డబ్బు బాకీ కాదు. నేను యిచ్చిన తప్పుడు సలహా.

కొన్ని వారాల క్రితం వొక సోదరి, "తోలు ముక్కలు మొక్కలకు ఎరువుగా పనికివస్తాయా?" అని అడిగారు. ఆ వారం ప్రశ్నలు పాతిక వున్నాయి, జాగా అరపేజీ. "తోలులో నత్రజని పుష్కలంగా వుంటుంది. నిరభ్యంతరంగా వేసుకోవచ్చు" అని వొక్క ముక్కలో జవాబు చెప్పేసి, వెండి గిన్నెలకు మెరుగు పెట్టే ప్రశ్నలోకి వెళ్లిపోయాను. నత్రజని మాట అబద్ధం కాదు. ఆ "నిరభ్యంతరంగా" అన్న మాటే యిప్పుడు నన్ను పట్టుకుంది.

చిత్తూరు జిల్లా నుంచి నిన్నగాక మొన్న వొక ఉత్తరం వచ్చింది. రాసినావిడ ఈ శీర్షిక చాలా కాలంగా చదువుతున్నారట. ఆవిడ మరిదికి రాణిపేటలో తోళ్ల కార్ఖానాలో పని. నా జవాబు చదివి యింటిల్లిపాదీ సంతోషించారు. మరిదిగారు, "పారేసేదే కదా, వదినా!" అని రెండు గోతాల పొట్టు తెచ్చి పడేశారు. రంపపు పొట్టులాగా మెత్తగా, లేత నీలం రంగులో వుందట. వొక గోతాం విప్పి ముల్లంగి మడిలో కొంత, తోటకూర మడిలో కొంత, గులాబీల పాదుల్లో కొంత చల్లారు. ఆ రోజు నుంచీ అత్తగారు ఆ మళ్లలో కూర ముట్టుకోవడం లేదు.

"ఆవిడకు మడీ ఆచారం యెక్కువ. తోలు వేసిన మడి ఆవిడ మడికి పనికి రాలేదని మేమంతా నవ్వుకున్నాము. కాని మా చిన్నమ్మాయికి ఆరేళ్లు. ముల్లంగి పీకి, గౌనుకు తుడుచుకుని, అక్కడే కొరికేస్తుంది. నిన్న దాన్ని చూస్తే యెందుకో గుండె ఝల్లుమంది. అత్తగారి మాట రైటా, మీ మాట రైటా? దయచేసి త్వరగా చెప్పండి" అని రాశారు.

ఆ "లేత నీలం" అన్న చోట నేను ఆగిపోయాను. నా జవాబు రాసేటప్పుడు నా మనసులో వున్న తోలు వేరు. అది మా నాయనమ్మ తోలు.

మా నాయనమ్మ పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పాత చెప్పులు పాతిపెట్టేది. కొందరు దిష్టికి కొమ్మకు కట్టేవారు; ఈవిడ మాత్రం పాతేది. చెట్టు విరగ కాసేది. పెరటి గోడ కట్టించేటప్పుడు పునాది తవ్వితే, చెప్పుల జత వొకటి బయటపడింది. పాతిపెట్టి యెన్నేళ్లయిందో యెవరికీ గుర్తు లేదు. కాస్త నల్లబడ్డాయి, అంచులు చివికాయి. మిగిలిందంతా అలాగే వుంది. వేలు దూర్చే తోలు కూడా వూడలేదు. చెట్టుకు బలం చెప్పుల వల్ల రాలేదనీ, పక్కనే వున్న గిన్నెలు కడిగే నీళ్ల కాలువ వల్ల వచ్చిందనీ అప్పుడే తెలిసి వుండవలసింది. నాకు మాత్రం చెప్పూ, నిమ్మకాయా కలిసి గుర్తుండిపోయాయి. ఆ గుర్తు మీద ఆధారపడి సలహా యిచ్చేశాను.

మా బాబాయి వొకాయన మద్రాసులో నలభై యేళ్లు తోళ్ల పనిలో వుండి విశ్రాంతి తీసుకుంటున్నాడు. వెంటనే ఫోను చేశాను.

"పొట్టు రంగేమిటన్నావు?" అన్నాడు.

"లేత నీలం, బాబాయ్."

"ఐతే క్రోము తోలు. ఎక్కడ చల్లారు?"

"ముల్లంగి మడిలో."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఎవరు చెప్పారు చల్లమని?" అన్నాడు తరువాత.

నేనేనని చెప్పాను. దాచి ఏం లాభం!

ఆయన చెప్పినదీ, తరువాత నేను పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నదీ యిక్కడ రాస్తున్నాను. వెయ్యి కిలోల పచ్చితోలు కార్ఖానాలోకి పోతే, మనం బూట్లు కుట్టించుకునే తోలు బయటకు వచ్చేది సుమారు రెండు వందల కిలోలే. మిగతాది నీళ్లలోకో, చెత్తలోకో పోతుంది. ఆ చెత్త అంతా వొక జాతి కాదు. ముందు పచ్చితోలు అంచులు కోస్తారు. అవి జిగురుకూ, జిలెటిన్‌కూ పోతాయి. మీరు మింగే మందు గొట్టం కూడా అలాంటి జిలెటిన్ చుట్టమే. తరువాత సున్నమూ, సోడియం సల్ఫైడూ పెట్టి రోమాలు వూడగొడతారు. లోపలి వైపు మాంసపు పొర చెక్కేస్తారు. అక్కడి దాకా వచ్చిన చెత్త వాసన భరించలేనిదే కాని, దానిలో క్రోమియం లేదు. కుళ్లుతుంది, మట్టిలో కలుస్తుంది. దాన్ని పేడతోనూ, ఆకులూ గడ్డితోనూ కలిపి మాగవేసి, వానపాముల చేత తినిపించి మంచి ఎరువు చేయవచ్చునని అడయారులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ వారు ప్రయోగాలు చేసి చూపించారు. ఆ సంస్థ 1948లో పుట్టింది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మగారు 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరు. వూరవతల పనిగా చూసిన తోలు పనిని రసాయనశాస్త్రం దాకా తీసుకువచ్చిన వాళ్లలో ఆయన్ను మొదట చెప్పుకోవాలి. (1985లో కనిష్క విమానం పేల్చివేతలో ఆయన పోయారు. మా బాబాయి ఆ మాట వచ్చినప్పుడల్లా యిప్పటికీ గొంతు తగ్గిస్తాడు.)

పేచీ అంతా ఆ తరువాత వస్తుంది. పచ్చితోలు తోలుగా మారాలంటే పదును చేయాలి. పూర్వం మన వైపు తంగేడు పట్టతో, తుమ్మ పట్టతో, కరక్కాయతో చేసేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడే. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో నూటికి ఎనభై పాళ్ల దాకా క్రోమియం లవణాలతో పదును చేసినదే. వారాల పని వొకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. తోలు మెత్తగా వస్తుంది. అలా తేలిన తోలు నీలంగా వుంటుంది. దాన్ని అంతటా వొకే మందానికి తెచ్చేందుకు యంత్రం మీద చిత్రిక పట్టినట్లు పడతారు. అప్పుడు రాలేదే ఆ సోదరి గోతాంలో వున్న పొట్టు.

"దానిలో నత్రజని వున్న మాట నిజమే కదా, బాబాయ్?" అన్నాను, నా పరువు కొంతైనా దక్కుతుందేమోనని.

"నిజమే. నూటికి పన్నెండు, పద్నాలుగు పాళ్లు. మీ పశువుల ఎరువులో అర పాలు, వేరుశెనగ తెలగపిండిలో యేడు పాళ్లు. లెక్కకు చూస్తే తోలుపొట్టు రాజు. కాని పెట్టెలో పెట్టి తాళం వేసిన డబ్బు అది. నువ్వు మోట చూశావా?"

చూశాను. చిన్నప్పుడు మా మేనమామగారి వూళ్లో యెద్దులు మోట లాగుతుంటే, తోలు బానలోంచి నీళ్లు దబ్బున కాలువలో పడేవి. రాయలసీమలో కపిల అంటారు.

"ఆ బానలు పట్టతో పదును చేసిన తోలుతో చేసేవారు. పొద్దస్తమానం నీళ్లలో నానితే కుళ్లిపోయేవి. 1903 ప్రాంతంలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు దొర మద్రాసులో క్రోము తోలు మొదలుపెట్టాడు. ఆయన కళ్లు పడ్డ వస్తువుల్లో మొదటిది రైతు మోట బాన. నీళ్లలో నానినా కుళ్లని తోలు కావాలి. అందుకోసమే తెచ్చిన తోలు! దాన్ని తీసుకుపోయి తడి మట్టిలో వేసి, కుళ్లి ఎరువు కావే అంటే యెలా అవుతుంది?"

నేను యింత కాలం ఆలోచించని విషయం అది. తోలు అంటే కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు. క్రోమియం ఆ పోగుకూ ఈ పోగుకూ మధ్య ముడి వేస్తుంది. మట్టిలోని సూక్ష్మజీవులకు ఆ ముడి విప్పడం చాలా కష్టం. తంగేడు పట్ట వేసే ముడి కాస్త వదులు, ఐనా ముడే. మా నాయనమ్మ చెప్పులు అంత కాలం నిలిచింది అందుకే. చెప్పు మన్నడానికి చేసిన ఉపాయం, ఎరువు కావడానికి అడ్డం వచ్చింది.

అంతటితో ఐతే, పోనీ, పనికిరాని ఎరువు వేశామని వూరుకోవచ్చు. రెండో సంగతి వుంది. ఆ పొట్టులో క్రోమియం నూటికి రెండు మూడు పాళ్ల దాకా వుంటుంది. రెండు పాళ్లే అనుకోండి. కిలో పొట్టులో 20 గ్రాములు, అంటే 20,000 మిల్లీగ్రాములు. మన దేశపు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, అమ్మే కంపోస్టులోనూ, వానపాముల ఎరువులోనూ కిలోకు 50 మిల్లీగ్రాముల క్రోమియం మించరాదు. నాలుగు వందల రెట్లు! ఈ లెక్క కాగితం మీద వేసుకున్న తరువాత ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నా అరపేజీ జవాబు యింకా యెన్ని యిళ్లలో, యెన్ని మళ్లలో చల్లి వుందో!

ఇక్కడ భయపెట్టడం కూడా తప్పే కనుక, రెండో వైపు కూడా చెప్పాలి. క్రోమియానికి రెండు వేషాలు వున్నాయి. తోలులో వున్నది త్రిసంయోజక క్రోమియం. "మూడో రకం" అనుకుందాం. అది నీళ్లలో సులువుగా కరగదు, తోలును అంటిపెట్టుకుని వుంటుంది, మొక్క కూడా దాన్ని కొద్దిగానే పీల్చుకుంటుంది. పీల్చిన కాస్తా వేళ్లలోనే చాలా మట్టుకు ఆగిపోతుంది. కాని ముల్లంగిలో మనం తినేది వేరే కదా! రెండో వేషం షట్సంయోజకం, "ఆరో రకం". అది కరుగుతుంది, కదులుతుంది, కాన్సరు తెచ్చేదని తేలినది. మూడో రకం వూరికే ఆరో రకం కాదు. ఐతే మట్టిలో మాంగనీసు ఆక్సైడులు వున్నచోట కొంచెం కొంచెంగా మారే అవకాశం వుంది. తోలును గాలిలో కాల్చితే కూడా మారుతుంది. అందులోనూ సున్నం వంటి క్షారం తోడైతే యింకా తేలిక. అందుచేత "పోనీ, కాల్చి బూడిద చేసి వేద్దాం" అని యెవరూ అనుకోవద్దు. మనకు బూడిద మీద నమ్మకం యెక్కువ కనుక గట్టిగా చెబుతున్నాను: తోలు పొట్టు కాల్చకండి.

అలా ఐతే తోలుతో ఎరువు అన్నదే లేదా? వుంది. ఇటలీలో వున్నది. అక్కడ విచెంజా పట్టణం వైపు తోళ్ల కార్ఖానాలు బారులు తీరి వున్నాయి. ఆ వ్యర్థాలను ఆవిరితోనూ, రసాయనాలతోనూ ఉడికించి, ముళ్లు విప్పి, ఎరువుగా అమ్మడం అక్కడ పాత వ్యాపారం. ఈ పనికే 1960లో స్థాపితమైన కంపెనీ వొకటి పెద్దదై, తోలు ముక్కల్లోంచి అమైనో ఆమ్లాల ద్రవం తీసి దేశదేశాలకు పంపుతూ వచ్చింది. అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాలలో 1990 ప్రాంతాల్లో మరో దారి పట్టారు. పొట్టును మెగ్నీషియం ఆక్సైడు కలిపిన నీళ్లలో డెబ్భై డిగ్రీల వేడిలో వుంచి, ఎంజైము వేశారు. మాంసకృత్తి కరిగి పైకి వస్తుంది, క్రోమియం మడ్డిగా అడుగున మిగులుతుంది. పైది వేరే పనికి, అడుగుది ఆమ్లంలో కరిగించి మళ్లీ తోలు పదునుకు. నెయ్యి కాచి గోకుడు విడదీసినట్లే వుంది నాకు వింటుంటే. ఐతే మన వంటింట్లో కాచేది కాదు. విడదీసిన తరువాత కూడా, నెయ్యిలో గోకుడు మిగిలిందా లేదా అని పరీక్ష చేసే ప్రయోగశాల కావాలి. ఐరోపా దేశాలు 2019లో చేసిన చట్టంలో, కిలో ఎండు సేంద్రియ ఎరువులో ఆరో రకం క్రోమియం 2 మిల్లీగ్రాములు మించకూడదన్నారు. సేంద్రియ సేద్యం నిబంధనలు యింకా కటువు. అసలు కనిపించకూడదు, ఆ మాంసకృత్తి ద్రవాన్ని మొక్కలో మనం తినే భాగాల మీద చల్లకూడదు.

పరీక్ష లేకుండా పంచితే ఏమవుతుందో అమెరికాలోనే చూశారు. మిస్సోరీ రాష్ట్రంలో వొక తోళ్ల కార్ఖానా 1983 నుంచి 2009 దాకా తన మడ్డిని చుట్టుపక్కల రైతులకు ఉచితంగా ఎరువు కింద యిచ్చింది. ఆ ప్రాంతంలో కొందరికి మెదడులో కణితులు వచ్చాయి. దీనివల్లే అని 2009లో కోర్టుకు వెళ్లారు. ప్రభుత్వ శాఖల వాళ్లు పరిశీలించి, ఆ ఎరువుకూ జబ్బుకూ సంబంధం కనిపించలేదన్నారు. కావచ్చు. ఐనా ఇరవై ఆరేళ్లు తమ పొలాల్లో చల్లుకున్న రైతు యింట్లో, బిడ్డకు తలనొప్పి వచ్చినప్పుడల్లా తల్లికి యెలా వుంటుందో నేను వూహించుకోగలను. ఉచితంగా వచ్చిందని తెచ్చుకున్నదాని ఖరీదు అది.

రాణిపేట, ఆంబూరు, వాణియంబాడి వాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. పాలారు నీళ్లు యెలా పాడయ్యాయో వాళ్లకు తెలుసు. అక్కడి పౌరులే కోర్టుకు వెళితే, 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు, చెరిచిన వాడే బాగుచేయాలని తీర్పు చెప్పి, ఆ కార్ఖానాల మీద తలకు పదివేల రూపాయల జుల్మానా వేసింది.

ఇక చిత్తూరు సోదరికి నా జవాబు. అత్తగారి మాటే రైటు, అమ్మా. ఆవిడ చెప్పిన కారణం వేరు కావచ్చు. ముట్టుకోకపోవడం మాత్రం మంచిదైంది. మీరు చల్లి కొద్ది వారాలే అయింది కనుక పొట్టు యింకా పైనే, నీలంగా కనిపిస్తూ వుంటుంది. చేతులకు తొడుగులు వేసుకుని, కాస్త నీళ్లు చిలకరించి దుమ్ము లేవకుండా చేసి, పై మట్టితో సహా మూడు నాలుగు అంగుళాలు గీకి గోతాంలోకి ఎత్తండి. ఆ గోతాం కాలవలోనో, పేడ గుంటలోనో పారేయకండి. మీ మరిదిగారికి యిచ్చి కార్ఖానాకే పంపించండి. అట్టతోలు చేయడానికో, ప్రమాదకర వ్యర్థాలను భద్రపరిచే చోటికో అక్కడి నుంచే పోవాలి. పాపం, ఆయన్నేమీ అనకండి, మేలు చేద్దామనే తెచ్చారు. ఆ మడిలో ముల్లంగీ, తోటకూరా పీకేసి అదే గోతాంలో వేయండి. పశువులకు పెట్టవద్దు. ఆ మట్టిని పరీక్షకు పంపండి. ఐతే మామూలు మట్టి పరీక్షలో నత్రజని, భాస్వరం, జింకు వంటివి చూస్తారు కాని క్రోమియం చూడరు. క్రోమియం చూడాలని అడిగి చేయించుకోవాలి. ఫలితం వచ్చే దాకా ఆ మళ్లలో బంతి, చేమంతి వేసుకోండి. గులాబీలను పీకనక్కరలేదు, పాదులు గీకితే చాలు. ఆ రేకులతో మాత్రం గుల్‌కందు చేయకండి.

మీ పాప గురించి. కొన్ని ముల్లంగి ముక్కలు తిన్నంత మాత్రాన ఏదో అయిపోతుందని నాకు తోచడం లేదు, మా బాబాయికీ తోచలేదు. ఐనా మేమిద్దరం డాక్టర్లం కాము. ఇదివరకే వొకసారి తెలియని విషయంలో తెలిసినట్లు రాసి యింత దాకా తెచ్చాను. పిల్లల డాక్టరుకు వొకసారి చూపించి, జరిగింది జరిగినట్లు చెప్పండి. నీలం పొట్టు పిడికెడు కాగితంలో పొట్లం కట్టి వెంట తీసుకువెళ్లండి.

నా జవాబు చూసి మరెవరైనా తోలు ముక్కలు వేసి వుంటే, ఇదే పద్ధతి. మీ దగ్గర వున్నది క్రోము తోలో, పట్ట తోలో తెలియకపోతే, చిన్న ముక్క కోసి అంచు చూడండి. మధ్య పొర నీలి బూడిద రంగుగా వుంటే క్రోము. రంగు వేసి తెలియకుండా వుంటే, మరుగుతున్న నీళ్లలో ముక్క పడేయండి. పట్ట తోలు ముడుచుకుపోతుంది. క్రోము తోలు చాలా మట్టుకు అలాగే వుంటుంది. (అందుకు వంటగిన్నె వాడకండి.) మొక్కలకు నత్రజని కావాలంటే తెలగపిండి వుంది, వేపపిండి వుంది. వొక పిడికెడు నానబెట్టి పోస్తే, తోలు పదేళ్లలో యివ్వనిది పదిహేను రోజుల్లో యిస్తుంది.

ఆ సోదరి ఉత్తరం చివర, రెండో గోతాం యింకా విప్పలేదని రాశారు. విప్పకండి. మీ అత్తగారికి నా నమస్కారాలు. కరివేపాకు వచ్చే వారం.